పుండు చిన్నదే... ముప్పు పెద్దది!

పొలంలో కాలికి ముల్లు గుచ్చుకుంటుంది. కాస్త పసుపు అద్ది మళ్లీ బురదలోకి దిగుతారు. నాలుగో రోజుకు కాలు వాస్తుంది, చలిజ్వరం వస్తుంది. ఊళ్లో సూది వేయించుకుని పడుకుంటారు. తెల్లారేసరికి మనిషి ఆయాసపడుతూ పొంతన లేని మాటలు మాట్లాడుతుంటాడు. అప్పుడు మొదలవుతాయి పరుగులు. పెద్దాస్పత్రిలో చెప్పే జబ్బు పేరు ‘సెప్సిస్’.

పల్లెల్లో దీన్నే ‘ఒంటికి విషం ఎక్కింది’ అంటారు. క్రిములతో పోరాడవలసిన శరీరం అదుపు తప్పి తన మూత్రపిండాలను, ఊపిరితిత్తులను, గుండెను తానే దెబ్బ తీసుకోవడం ఇది. న్యుమోనియా, మూత్రంలో చీము, కాన్పు తర్వాత గర్భసంచికి సోకే క్రిములు కూడా దీనికి దారి తీస్తాయి. 2017లో ప్రపంచంలో 4.89 కోట్ల మందికి ఈ జబ్బు రాగా, 1.10 కోట్ల మంది మరణించారని అంచనా.

ఆస్పత్రిలో చేరగానే రక్తం తీస్తారు. మర్నాడు మళ్లీ తీస్తారు. ‘నిన్న తీశారుగా, మళ్లీ ఎందుకు? డబ్బు గుంజడానికా?’ అని బంధువులు గొడవ పడడం తరచూ కనిపించేదే. కానీ అసలు కీలకం ఆ రెండో పరీక్షలోనే ఉంది.

ముఖ్యమైన పరీక్షలు మూడు. లాక్టేట్ అనేది అవయవాలకు రక్తం సరిగా అందకపోతే పెరుగుతుంది. 2 దాటితే జాగ్రత్త పడాలి. సి.ఆర్.పి.ని 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో కనుగొన్నారు. ఒంట్లో ఏ వాపు వచ్చినా ఇది పెరుగుతుంది. మూడోది ప్రోకాల్సిటోనిన్. ఆరోగ్యవంతుల్లో ఇది 0.1 లోపే. బాక్టీరియా ఒళ్లంతా పాకితే కొద్ది గంటల్లోనే పైకెగురుతుంది. మందు పనిచేస్తే సుమారు రోజుకు సగం చొప్పున దిగుతుంది.

ఏటికి వరద వస్తే నీటిమట్టాన్ని ఒక్కసారి చూసి ఊరుకోరు కదా. ఇదీ అంతే. అంకె దిగకపోతే మందు మార్చాలా, చీము ఎక్కడైనా దాగి ఉందా అని వైద్యులు వెతుకుతారు. 0.5 కన్నా తగ్గినా, గరిష్ఠం నుంచి నూటికి 80 వంతులు దిగినా, రోగి కోలుకుంటుంటే యాంటీబయాటిక్ ఆపవచ్చు. అనవసరపు మందు, ఖర్చు తప్పుతాయి.

అయితే పెద్ద ఆపరేషన్, కాలిన గాయాల వల్ల కూడా ఈ అంకె పెరగవచ్చు. తక్కువ వచ్చినంత మాత్రాన గండం లేనట్లు కాదు. అందుకే రిపోర్టు కోసం వైద్యం ఆపరాదు.

జ్వరంతో పాటు ఆయాసం, మాట తడబాటు, మూత్రం తగ్గడం, కాళ్లూ చేతులూ చల్లబడడం కనిపిస్తే తెల్లవారే దాకా ఆగవద్దు. వెంటనే 108కు ఫోన్ చేయాలి. ఏ పరీక్షా పోయిన గంటలను వెనక్కి తేలేదు.