ట్రెయిలరును లాగే వాహనం

ట్రెయిలరు అనగా తనకంటూ ఇంజను లేకుండా, మరొక వాహనం వెనుక తగిలించగా దానితో పాటు నడిచే బండి. కృష్ణా డెల్టాలో దీనిని ఎక్కువగా ట్రక్కు అనే పేరుతో పిలుస్తారు. ట్రాక్టరు వెనుక ధాన్యం బస్తాలతో, ఇటుకలతో, గడ్డి మోపులతో నడిచే ట్రక్కు తెలుగువారికి బాగా పరిచయమైన రూపం. ఐరోపా, అమెరికా దేశాలలో కుటుంబమంతా ప్రయాణంలో వండుకొని తిని నిద్రించడానికి వీలుగా చిన్న ఇల్లులా కట్టిన ప్రయాణపు ట్రెయిలరు వాడుకలో ఉన్నది. దీనిని కారవాన్ అని కూడా అంటారు. చూడడానికి ఈ రెండింటికీ పోలిక కనబడదు గాని, వీటిని లాగే వాహనాన్ని ఎన్నుకోవడంలో పాటించవలసిన సూత్రాలు మాత్రం ఒక్కటే.

వాహనం కొనేవారు సాధారణంగా అడిగే ప్రశ్న "ఇది ఎంత బరువు లాగుతుంది?" అన్నది. నిజానికి చదునైన రోడ్డు మీద చక్రాలు గల బండిని లాగడం కష్టమైన పని కాదు. ఆ బరువును ఆపగలగడం, వాలులో పట్టి నిలపగలగడం, వెనుక బండి తన వీపు మీద మోపే భారాన్ని మోయగలగడం కష్టం. ట్రక్కు ప్రమాదాలలో చాలావాటికి మూలం ఈ మూడింటిలో ఏదో ఒకదానిలో ఉంటుంది.

ఎడ్లబండి నేర్పిన లెక్క

డెల్టా గ్రామాలలో ట్రాక్టరు రాకముందు కుటుంబ ప్రయాణాలకు గూడుబండి వాడేవారు. వెదురు తడికతో గుండ్రంగా వంచిన గూడు, అడుగున ఎండుగడ్డి, దానిపై దుప్పటి పరచి ఆడవారిని, పిల్లలను, వృద్ధులను తిరునాళ్ళకు, పెళ్ళిళ్ళకు తీసుకువెళ్ళేవారు. ఈ బండిని లాగే ఎడ్ల ఎంపిక చిన్న విషయం కాదు. ఒంగోలు జాతి ఎద్దు బరువు లాగడానికి పేరుపొందినది. అయినా ఒక్కొక్క ఎద్దు బలాన్ని చూసి ఊరుకోక, రెండూ ఎత్తులో, నడకలో సరిజోడు అవునా కాదా అని చూసేవారు. రోడ్డు అలవాటు ఉన్నదా, దిగుడులో కాడిని నిలబట్టగలవా అని కూడా విచారించేవారు.

ఇక బరువు సర్దడంలో మొగ్గు అనే మాట ఉన్నది. ఇరుసుకు ముందున్న బరువు ఎక్కువైతే బండి ముందుకు మొగ్గి, కాడి ఎడ్ల మెడల మీద భారంగా కూర్చుంటుంది. వెనుక బరువు ఎక్కువైతే నొగ పైకి లేచి, మెడ కింది పట్టెడలు ఎడ్ల గొంతుకు బిగుసుకుంటాయి. అందువలన బండి కాస్త ముందుకే మొగ్గేటట్లు, అయితే మెడలు నొచ్చనంత మేరకే, బరువు సర్దేవారు. నేటి వాహన ఇంజనీర్లు కొక్కెం భారం అని లెక్క కట్టేది ఈ మొగ్గునే. ప్రయాణపు ట్రెయిలర్ల విషయంలో మొత్తం ట్రెయిలరు బరువులో 10 నుండి 15 శాతం వరకు లాగే వాహనపు కొక్కెం మీద పడాలని అమెరికాలో సాధారణంగా చెబుతారు. ఐరోపాలో చిన్న కార్లకు ఇంతకంటే తక్కువ వాటా సూచిస్తారు. అంకెలు మారినా మొగ్గు ముందుకే ఉండాలన్న నియమం మారదు.

మొగ్గు వెనుకకు పోయిన ట్రెయిలరు వేగం పుంజుకున్న కొద్దీ తోక ఆడించినట్లు అటూ ఇటూ ఊగుతుంది. ఒకసారి ఊగడం మొదలైతే ఒక్కొక్క ఊపు ముందుదానికంటే పెద్దదై, చివరకు ముందున్న కారును కూడా రోడ్డు బయటకు ఈడ్చివేయగలదు. ఆ సమయంలో చటుక్కున బ్రేకు తొక్కడం, స్టీరింగును అటూ ఇటూ తిప్పడం ప్రమాదకరం. స్టీరింగును నిటారుగా పట్టుకొని, యాక్సిలరేటరు మీద నుండి కాలు మెల్లగా తీసి, వేగం దానంతట అదే తగ్గేటట్లు చూడాలి.

ట్రాక్టరు – ట్రక్కు

ఇప్పుడు పల్లెలలో ఎడ్ల స్థానం ట్రాక్టరుది. 40 నుండి 50 హెచ్.పి. గల ట్రాక్టరు తన మట్టుకు తాను సుమారు 2 టన్నులు తూగుతుంది. దాని వెనుక 1.5 టన్నుల ఖాళీ ట్రక్కులో 75 కిలోల ధాన్యం బస్తాలు 60 వేశామనుకుందాము. ధాన్యమే 4.5 టన్నులు, ట్రక్కుతో కలిపి 6 టన్నులు. అంటే లాగేదానికి మూడు రెట్లు బరువు వెనుక ఉన్నది. గ్రామాలలో తిరిగే ట్రక్కులలో చాలావాటికి స్వంత బ్రేకులు ఉండవు కనుక, మొత్తం 8 టన్నులను ట్రాక్టరు వెనుక చక్రాలు రెండే ఆపాలి.

దీనిని ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రంతోనే లెక్క వేయవచ్చును. ట్రాక్టరు బరువులో సుమారు 1.3 టన్నులు వెనుక చక్రాల మీద ఉంటుందనుకుందాము. పొడి రోడ్డు మీద ఘర్షణ గుణకం 0.6 గా తీసుకుంటే, ఒంటరి ట్రాక్టరు 30 కిలోమీటర్ల వేగంలో బ్రేకు పట్టినది మొదలు సుమారు 9 మీటర్లలో ఆగుతుంది. ట్రక్కు మొగ్గు వలన మరో 0.6 టన్నులు వెనుక చక్రాల మీదకు చేరినా, పై చెప్పిన 8 టన్నులు ఆగడానికి సుమారు 25 మీటర్లు పడుతుంది. రోడ్డు తడిసి ఘర్షణ సగమైతే ఆ దూరం 50 మీటర్లు. డ్రైవరు ప్రమాదాన్ని గమనించి కాలు బ్రేకు మీద వేసేలోగా గడిచే ఒక్క క్షణంలో ఇంకో 8 మీటర్లు పోతుంది. ఇవి స్థూలమైన లెక్కలు. బ్రేకులు అరిగినా, టైర్లు నున్నబడినా దూరం ఇంకా పెరుగుతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం నాలుగు రెట్లు అవుతుందని కూడా గుర్తుంచుకోవాలి.

ఎక్కువ హెచ్.పి. ఉన్న ట్రాక్టరు కొంటే సరిపోతుందని చాలామంది భావన. డెల్టాలో పొలం నుండి కాలువ కట్ట మీదకు ఎక్కే దారులు నిటారుగా ఉంటాయి. పదడుగులకు ఒక అడుగు ఎత్తు చొప్పున లేచే దారిలో 8 టన్నులను పైకి లాగడానికి 800 కిలోల బలం కావాలి. రేగడి మట్టి తడిసి ఘర్షణ గుణకం 0.3 కు పడిపోతే, వెనుక చక్రాల మీద ఉన్న 1.9 టన్నులకు దక్కే పట్టు 570 కిలోలే. ఇంజను ఎంత పెద్దదైనా చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. అప్పుడు బండి వెనుకకు జారడం మొదలుపెడితే, ఆపడానికి ఉన్నవి కూడా జారుతున్న ఆ రెండు చక్రాలే. కనుక ట్రాక్టరు బరువు, టైర్ల పట్టు, ముందు అమర్చే దిమ్మలు హెచ్.పి. కంటే ముందు చూడవలసినవి.

ముందు దిమ్మలకు కారణం ఉన్నది. రెండు చక్రాల ట్రక్కు మొగ్గు కొక్కెం మీద పడినప్పుడు, వెనుక ఇరుసు ఆధారంగా ట్రాక్టరు ముందు భాగం తేలిక అవుతుంది. ముందు చక్రాలు నేలను గట్టిగా పట్టకపోతే స్టీరింగు తిప్పినా బండి తిరగదు. నాలుగు చక్రాల ట్రక్కు తన బరువు తానే మోసుకుంటుంది గనుక ఈ ఇబ్బంది తక్కువ. కాని వెనుక చక్రాలకు అదనపు పట్టు కూడా దొరకదు. ట్రక్కును తగిలించే చోటు వెనుక ఇరుసు కంటే కింద ఉండాలి. బురదలో దిగబడినప్పుడు కొందరు గొలుసును పైన, నాగలి తగిలించే పై కడ్డీకి కట్టి లాగుతుంటారు. అలా చేస్తే లాగుడు బలమే ట్రాక్టరును వెనుకకు తిరగవేసి డ్రైవరు మీద పడవేస్తుంది. ఇది రెప్పపాటులో జరిగిపోతుంది.

మరొక చిన్న విషయానికి పెద్ద ప్రాధాన్యం ఉన్నది. ట్రాక్టరుకు కుడి, ఎడమ వెనుక చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్ళు ఉంటాయి. పొలంలో మూలమలుపు తిరగడానికి ఇవి ఉపయోగం. రోడ్డు ఎక్కేముందు ఈ రెంటినీ కలిపే కొక్కెం తప్పక వేయాలి. వేయకుండా వేగంలో ఒక్క పెడలు తొక్కితే ట్రాక్టరు గిరుక్కున తిరుగుతుంది. పక్కన కాలువ ఉంటే అందులోకే.

ట్రక్కులో మనుషులు

ట్రక్కు సరుకుల కోసం తయారైనది. అయినా కూలి పనులకు, గుడులకు, శుభకార్యాలకు మనుషులు అందులో ప్రయాణించడం రెండు తెలుగు రాష్ట్రాలలోను ఉన్నది. పాతికమంది మనుషులు కలిసి 1.5 టన్నులే కనుక ట్రాక్టరుకు ఇది బరువే కాదు. బస్తాలు కదలవు, మనుషులు కదులుతారు. మలుపులో అందరూ ఒక పక్కకు ఒరిగితే ఎత్తయిన ట్రక్కు మొగ్గు మారిపోతుంది. పట్టుకోవడానికి ఆధారం, పైన కప్పు, నడుముకు పట్టీ ఏవీ ఉండవు.

2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం వేములకొండ వద్ద కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది మరణించారు. వారిలో అత్యధికులు మహిళలు. 2020 జూన్ 17న అప్పటి కృష్ణా జిల్లా (ఇప్పటి ఎన్.టి.ఆర్. జిల్లా) జగ్గయ్యపేట మండలం వేదాద్రి వద్ద నరసింహస్వామి దర్శనం చేసుకొని తిరిగి వెళ్తున్న కుటుంబాల ట్రాక్టరును లారీ ఢీకొనగా పది మందికి పైగా చనిపోయారు. రెండవ ప్రమాదంలో ఢీకొన్నది వేరే బండి. అయినా అంతమంది తెరచి ఉన్న ట్రక్కులో కూర్చొని ఉండడం వలన ప్రాణనష్టం అంతగా పెరిగింది.

బీమా సంగతి చాలామందికి తెలియదు. సరుకుల వాహనంలో ఉచితంగా ఎక్కిన ప్రయాణికులకు పరిహారం చెల్లించే బాధ్యత మోటారు వాహనాల చట్టం ప్రకారం బీమా కంపెనీ మీద లేదని, న్యూ ఇండియా అస్యూరెన్స్ – ఆశారాణి కేసులో సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పింది. సరుకుతో పాటు వెళ్ళే సరుకు యజమానికి, అతని ప్రతినిధికి 1994 సవరణ రక్షణ కల్పించింది గాని, పెళ్ళివారికి కాదు. ఇరుగుపొరుగును కాదనలేక తన ట్రాక్టరులో ఎక్కించుకున్న రైతు, ప్రమాదం జరిగితే పొలం అమ్మి పరిహారం కట్టవలసి రావచ్చును. పదిహేను మందికి మించి వెళ్ళవలసినప్పుడు మినీ బస్సు అద్దెకు మాట్లాడుకోవడం అన్ని విధాలా చవక.

కారు వెనుక ప్రయాణపు ట్రెయిలరు

మన దేశంలో కారు వెనుక కారవాన్ తగిలించుకొని తిరిగే కుటుంబాలు బహు అరుదు. అమెరికాలో స్థిరపడిన తెలుగువారు వేసవి సెలవులలో జాతీయ పార్కులకు వెళ్ళడానికి ప్రయాణపు ట్రెయిలరు అద్దెకు తీసుకోవాలనుకోవడం సహజం. అక్కడ మొదటి పొరపాటు, ఇంట్లో ఉన్న మినీ వ్యాను ఏ ట్రెయిలరునైనా లాగుతుందనుకోవడం. ఉదాహరణకు హోండా ఒడిస్సీ లాగగల పరిమితి 3,500 పౌన్లు, అంటే సుమారు 1,590 కిలోలు మించదు. కుటుంబానికి సరిపడే ట్రెయిలర్లు అనేకం ఖాళీగానే ఇంతకంటే బరువు.

కారు ఎన్నుకొనేటప్పుడు ఈ విధంగా లెక్క చూడాలి. ఖాళీ బరువు 1,800 కిలోలు, అనుమతించిన మొత్తం బరువు 2,400 కిలోలు గల కారు ఉన్నదనుకుందాము. అది మోయగలిగినది 600 కిలోలు. ఆరుగురు మనుషులు 390 కిలోలు, సామాను 60 కిలోలు పోగా మిగిలినది 150. ట్రెయిలరు బరువులో 12 శాతం కొక్కెం మీద పడితే, 150 కిలోలకు సరిపోయే ట్రెయిలరు 1,250 కిలోలు. కంపెనీ పుస్తకంలో లాగుడు పరిమితి 2,000 అని ఉన్నా ఈ కుటుంబానికి 1,250 దాటకూడదు. పుస్తకంలో 1,000 అని ఉంటే అదే హద్దు. ప్రకటనలలో కనిపించే పెద్ద అంకె తేలికపాటి బరువుతో వెళ్ళే కారుకు వర్తిస్తుందే గాని, తాతగారితో, నాయనమ్మగారితో, ఊరగాయ జాడీలతో బయలుదేరే కారుకు వర్తించదు.

ట్రెయిలరు బరువు కూడా ఖాళీగా ఉన్నప్పటిది కాక, నింపిన తరువాతది చూడాలి. వంద లీటర్ల నీరు వంద కిలోలు. మన ఇళ్ళలో వాడే నిండు వంటగ్యాసు సిలిండరు సుమారు 30 కిలోలు. బరువైనవాటిని ఇరుసుకు దగ్గరగా, నేల మట్టంలో సర్దాలి. వెనుక అరలలో పెడితే మొగ్గు చెడుతుంది.

కారు నిర్మాణంలో చూడవలసినవి: ముందు, వెనుక చక్రాల మధ్య దూరం ఎక్కువగా ఉన్న కారు ఊగుడుకు తట్టుకుంటుంది. లారీలకు వలె ఇనుప చట్రం మీద కట్టిన కార్లు లాగుడు శ్రమను బాగా ఓర్చుకుంటాయి. మన మార్కెట్టులో బొలేరో, స్కార్పియో, ఇన్నోవా క్రిస్టా ఈ కోవకు చెందినవి. 2022లో వచ్చిన ఇన్నోవా హైక్రాస్ పేరులో దగ్గరదైనా, చట్రం లేకుండా బాడీయే బలంగా కట్టినది. ముందు చక్రాలతో నడిచే కార్లలో కొక్కెం భారం ముందు చక్రాలను తేలిక చేయడం వలన తడి ఎత్తులో పట్టు తగ్గుతుంది. దిగుడులో బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచితే వేడెక్కి పని చేయదు కనుక, ఎక్కేటప్పుడు వాడే తక్కువ గేరులోనే దిగాలి. ట్రెయిలరుకు స్వంత బ్రేకు ఉండడం అన్నిటికంటే ముఖ్యం. అమెరికాలో చాలా రాష్ట్రాలు 3,000 పౌన్లు దాటిన ట్రెయిలరుకు దీనిని తప్పనిసరి చేశాయి.

చట్టపరమైన విషయాలు

భారతదేశంలో 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ట్రెయిలరు కూడా మోటారు వాహనమే. దానికి వేరుగా రిజిస్ట్రేషను చేయించాలి. ట్రెయిలరు మీద దాని నంబరుతో పాటు లాగుతున్న వాహనం నంబరు కూడా కనబడాలి. షెడ్డులో ట్రక్కు కట్టించుకున్నవారు ఇరుసు, కొక్కెం, వెనుక ఎర్ర దీపాలు సరిగా ఉన్నవో లేవో తామే చూసుకోవాలి. రాత్రివేళ దీపం లేని ట్రక్కు వెనుక నుండి వచ్చేవారికి కనబడదు. ఐరోపా దేశాలలో సాధారణ కారు లైసెన్సుతో 750 కిలోల వరకు ట్రెయిలరును లాగవచ్చును. అంతకు మించినదైతే కారు, ట్రెయిలరు కలిపి 3,500 కిలోలకు లోబడి ఉండాలి. బ్రిటన్‌లో కదులుతున్న కారవాన్‌లో మనుషులు ప్రయాణించడం నిషిద్ధం. అమెరికాలో ఈ నియమం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.