మొక్క కన్నా ముందు కాలువ: కోరంగి మడ అడవి సంగతి



పరకాలలో కూర్చొని సముద్రపు అడవుల మాట ఎందుకని కొందరు అడగవచ్చు. మన చలివాగు నీరు చివరకు చేరేది గోదావరికే. ఆ గోదావరి సముద్రంలో కలిసే చోట, కాకినాడకు దక్షిణాన, కోరంగి మడ అడవి ఉంది. ఆ విధంగా ఆ అడవికీ మనకూ నీటి చుట్టరికం.

కాలిఫోర్నియా, నార్వే వంటి చల్లని తీరాల్లో కెల్ప్ అనే పెద్ద నాచు నీటి అడుగున అడవిలా పెరుగుతుంది. మన వెచ్చని సముద్రంలో అది బతకదు. చేపపిల్లలకూ రొయ్యపిల్లలకూ పీతలకూ చాటు ఇవ్వడం, అలల జోరు తగ్గించడం ఇక్కడ మడచెట్ల పని. నల్లమడ, తెల్లమడ, తిల్ల వీటిలో ముఖ్యమైనవి. మడచెట్టు బురదలోంచి పైకి వేళ్లు పొడిచి గాలి పీల్చుకుంటుంది. ఉప్పును ఆకుల గుండా బయటికి తోసేస్తుంది.

తుఫానులు ఈ తీరానికి కొత్త కాదు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగి రేవును తుడిచిపెట్టింది. 1996 నవంబరు 6 నాటి తుఫానూ గోదావరి జిల్లాల్లో ఎందరినో పొట్టన పెట్టుకుంది. ఈ అడవిని ప్రభుత్వం 1978లోనే అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. అయినా వంటచెరకు కోసం నరకడం, చుట్టూ రొయ్యల చెరువులు తవ్వడం వల్ల డెల్టాలో మడనేల చాలాచోట్ల బోడిగా మారింది.

దాతలు ప్రత్యేకంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. మనలో చాలామంది సదఖా కింద మొక్కలకు డబ్బు ఇస్తారు. ఉద్దేశం మంచిదే. కానీ బోడినేలలో ఊరికే మొక్క నాటితే చచ్చిపోతుంది. చెట్లు పోయిన నేల కుంగి, పళ్లెంలా మారుతుంది. పోటు నీరు అందులో చేరి పాటులో తిరిగి వెళ్లదు. ఎండకు ఆవిరై ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పును మడ కూడా తట్టుకోలేదు.

ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, అటవీ శాఖతోనూ తీరగ్రామాలతోనూ కలిసి ఇక్కడ అనుసరించిన పద్ధతి చూడండి. ముందు ఒక పెద్ద కాలువ, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్లకాలువలు తవ్వుతారు. పైనుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. పోటు నీరు రోజూ వచ్చిపోతూ ఉప్పును కడిగేస్తుంది. ఆ తరువాతే కాలువ గట్ల వెంట మొక్కలు నాటుతారు. తమిళనాడు పిచ్చవరంలోనూ ఇదే పద్ధతి ఫలించింది.

నా మట్టుకు, లక్ష మొక్కలు నాటామని చెప్పే లెక్క కన్నా, కాలువ ఎంత పొడవు తవ్వారు, మూడేళ్ల తరువాత ఎన్ని మొక్కలు బతికాయి అనే లెక్కే ముఖ్యం. చందా అడిగేవారిని ఈ రెండూ అడగడంలో మొహమాటపడనక్కరలేదు. ఇంకొకటి కూడా అడగాలి: పూడిక ఎవరు తీస్తారు? గోదావరి ఒండ్రు పిల్లకాలువలను మెల్లగా పూడ్చేస్తుంది. దానికి డబ్బు మిగల్చకపోతే నీరు మళ్లీ నిలుస్తుంది. ఆ పని చేయవలసింది అక్కడి మత్స్యకార కుటుంబాలే, వారికి కూలి గిట్టాలి.