క్రీడాకారుల సంస్మరణము: మైదానమునందును, మైదానమునకు వెలుపలను

మదరాసునుండి పడమరగా సాగిన దక్షిణదేశపు తొలి రైలుమార్గము 1856లో తిరువళ్లూరు మీదుగా పోయినది. ఆ పట్టణమునకు పడమట, సుబ్రహ్మణ్యస్వామి కొండపై కొలువుదీరిన తిరుత్తణి కలదు. ఈ తిరుత్తణి తాలూకా 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో చేరి, 1960 ఏప్రిల్ 1వ తేదీన పటాస్కరు నిర్ణయము ననుసరించి మదరాసు రాష్ట్రమున కలిసెను. అదే దినమున తిరువళ్లూరు, పొన్నేరి తాలూకాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. 1997లో తిరువళ్లూరు ప్రత్యేక జిల్లా కాగా తిరుత్తణి అందులో భాగమైనది.

హద్దురాళ్లు కదలినవే గాని ఊళ్లు కదలలేదు. ఊరిబయట బీటిలో తెలుగు బాలుడు చెడుగుడు ఆడుచుండగా, తమిళ బాలు డదే ఆటను సడుగుడు అనుచున్నాడు. కూత ఒకటే, గీత ఒకటే. కబడ్డీ యను పేరుతో ఆ ఆటయే 1990లో బీజింగునందు ఆసియా క్రీడలలో పతకపు పోటీగా ప్రవేశించెను. ఇట్టి నేలలనుండి పైకి వచ్చిన ఆటగాండ్రను ఆ నేల ఏ విధమున గౌరవింపవలెను? ఏ గౌరవము నిలుచును, ఏది పూలదండతోపాటు వాడిపోవును? ఈ ప్రశ్నలకు మదరాసు తెలుగువారి చరిత్రలోనే సమాధానము కొంత దొరకును.

బుచ్చిబాబు

మదరాసు క్రికెట్టునకు పితామహుడని పేరొందిన బుచ్చిబాబు తెలుగువాడు. ఆయన అసలు పేరు మోదవరపు వెంకట మహీపతి నాయుడు, జననము 1868. ఆ కాలమున చేపాకమునందలి మదరాసు క్రికెట్టు క్లబ్బు ఐరోపీయులకే పరిమితమై యుండెను. భారతీయులకు తమదను మైదానము లేదు, కూర్చుండుటకు నీడ లేదు. బుచ్చిబాబు కోపముతో ఊరకుండలేదు, యాచింపనూలేదు. 1888లో మదరాసు యునైటెడ్ క్లబ్బును స్థాపించెను. ఎస్ప్లనేడునందు ఆటస్థలము నేర్పరచి, పిల్లలను చేరదీసి, ఆటకు కావలసిన సామగ్రి సమకూర్చి, వారికి ఆట నేర్పించెను.

ఐరోపీయుల జట్టుతో భారతీయులు సరిసమానముగా తలపడవలెనని ఆయన కోరిక. ఆ పోటీకి ఏర్పాట్లు జరిగినవి. కాని అది జరుగుటకు కొలది దినముల ముందు, 1908 డిసెంబరులో ఆయన కన్నుమూసెను. ఆయన నాటిన ఆ విత్తనమే తరువాత సంక్రాంతి దినములలో జరిగెడి ప్రెసిడెన్సీ పోటీగా పెరిగి, 1915-16 మొదలు 1951-52 వరకు ప్రథమశ్రేణి పోటీగా నడచెను.

ఆయన నెట్లు స్మరించిరో గమనింపదగినది. మరణించిన మరుసటి సంవత్సరమే ఆయన పేరిట క్రికెట్టు పోటీలు ప్రారంభమైనవి. శిలావిగ్రహమును చూచువాడు దాటి పోవును. పోటీలో దిగిన బాలుడు మాత్రము ఆ పేరును నోట పలుకక తప్పదు. ఆ పోటీలు కొన్నేండ్లు ఆగిపోయినను, తమిళనాడు క్రికెట్టు సంఘమువారు 2023లో మరల వానిని పునరుద్ధరించిరి. 2024లో ఆ బహుమానమును హైదరాబాదు జట్టు గెలిచినది. మదరాసునందలి తెలుగువాని పేరుగల కప్పు తెలుగునేలకు చేరుట విశేషమే.

రామస్వామి

బుచ్చిబాబు కుమారులు ముగ్గురు, వెంకటరామానుజులు, బాలయ్య, రామస్వామి, ఆటగాండ్రే. కడపటివాడు మాతామహునకు దత్తుడగుటచే కోట రామస్వామి యైనాడు. 1896లో జన్మించిన ఈయన 1922లో డేవిస్ కప్పు టెన్నిసునందు భారతదేశమునకు ఆడెను. తరువాత వ్యవసాయశాఖలో ఉద్యోగము చేయుచు, 1936లో నలుబది ఏండ్లు నిండిన పిమ్మట మాంచెస్టరునందు తొలి టెస్టు ఆడెను. ఆ పోటీలో 40, 60 పరుగులును, ఓవల్‌లో 29, అజేయముగా 41 పరుగులును చేసెను. రెండే టెస్టులు, సగటు 56.66! రెండు క్రీడలలో దేశమునకు ప్రాతినిధ్యము వహించిన భాగ్యము బహు కొద్దిమందికే లభించినది. 1966లో ఆంగ్లమున తన క్రీడాజీవితమును గ్రంథస్థము చేసెను.

ఇట్టివాడు మిక్కిలి వార్ధక్యమున ఇల్లు వెడలి మరి తిరిగి రాలేదు. ఆయన కడపటి దినమేదో క్రీడాచరిత్రకు తెలియదు. గణాంకములు ఆయన పరుగులను ఒక్కొక్కటిగా లెక్కించి దాచినవి. మనిషిని మాత్రము దాచలేకపోయినవి. మైదానమునందలి గౌరవ మొక్కటియే చాలదనుటకు ఇంతకన్న నిదర్శనము వలదు. చప్పట్లు ఆగిన తరువాత ఆటగానికి నలుబది, యేబది ఏండ్ల జీవితము మిగిలియుండును. ఆ జీవితమును పలుకరించునదే నిజమైన సత్కారము.

తక్కినచోట్ల సంస్మరణ

వీరఘట్టమున పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడు తన దేహబలముచే కలియుగ భీముడనిపించుకొనెను. శ్రీకాకుళమునందలి క్రీడాంగణము ఆయన పేర వెలసినది; విశాఖ సముద్రతీరమున ఆయన విగ్రహము కలదు. నాగపురమున జన్మించిన తెలుగువాడు సి.కె. నాయుడు 1932 జూన్ 25న లార్డ్స్ మైదానమున భారతదేశపు తొలి టెస్టు జట్టునకు నాయకత్వము వహించెను. 1956లో పద్మభూషణ బిరుదము నందెను. 1967లో ఆయన మరణించిన పిదప యువకుల జాతీయపోటీకి ఆయన పేరుంచిరి. వయోవృద్ధులైన క్రికెట్టువారికిచ్చు జీవితసాఫల్య పురస్కారమును గూడ ఆయన పేరనే యిచ్చుచున్నారు. మొదటిది ఆటలో అడుగిడువానికి, రెండవది ఆట ముగించినవానికి. ఒకే పేరు రెండు కొసలను పట్టియుండుట మిక్కిలి ఔచిత్యము గలది.

సత్కారమునకు భాషాభేదము తగదు. పూర్వపు చెంగల్పట్టు జిల్లాలో జన్మించిన తమిళుడు ఎం.జె. గోపాలన్, 1934 నవంబరు 4న చేపాకమునందు రంజీ పోటీల తొలి బంతిని వేసినవాడు. 1936లో హాకీ జట్టుతో బెర్లిను ఒలింపిక్సునకు పోవలెనో, క్రికెట్టు జట్టుతో ఇంగ్లండు పోవలెనో నిర్ణయింపవలసివచ్చి, ఇంగ్లండునకే పోయెను. అచ్చట ఆయనకు ఒక్క టెస్టునైనను ఆడు అవకాశము రాలేదు. హాకీ జట్టు స్వర్ణపతకముతో తిరిగివచ్చెను. ఆ నిరాశ ఆయన కీర్తిని తగ్గింపలేదు. 1952-53 మొదలు మదరాసు, సింహళ జట్ల నడుమ జరిగిన పోటీకి ఆయన పేరే పెట్టిరి. గెలుపు నొక్కదానినే కాక సేవను గూడ గుర్తించుట యననిదియే.

తిరుత్తణి నేర్పు పాఠము

1888 సెప్టెంబరు 5న తిరుత్తణిలో తెలుగు కుటుంబమున జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్, 1962లో రాష్ట్రపతి యైనప్పుడు శిష్యులు ఆయన పుట్టినరోజును వేడుకగా జరుపగోరిరి. దానిని ఉపాధ్యాయ దినముగా జరుపుడని ఆయన సూచించెను. నాటినుండి దేశమంతట అట్లే జరుగుచున్నది. తనకు వచ్చిన గౌరవమును తన వృత్తివారి కందరకు పంచిన ఔదార్యమిది. ధ్యాన్‌చంద్ జన్మదినమైన ఆగస్టు 29వ తేదీ జాతీయ క్రీడాదినమగుట గూడ ఈ దారిలోనిదే.

ఆటగాండ్రలో ఈ దారి త్రొక్కినవారు లేకపోలేదు. 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటను విజేత యైన పుల్లెల గోపీచంద్, తన యింటిని తాకట్టుపెట్టి మరీ హైదరాబాదున శిక్షణాలయమును నిర్మింపబూనెను. 2008లో అది పని ప్రారంభించెను. ఆయన శిక్షణలో సైనా నెహ్వాల్ 2012లో కాంస్యమును, పి.వి. సింధు 2016లో రజతమును ఒలింపిక్సునందు సాధించిరి. విజేత గురువైనప్పుడు ఒక పతకము పలు పతకములగును.

చేయదగిన పని

తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతపు తెలుగు సంఘములకు గొప్ప ధనరాశి అక్కరలేదు. ఊరి చెడుగుడు పోటీకి ఆ ఊరి పూర్వపు ఆటగాని పేరుంచి, ఆయన జీవించియుండగనే ఆయన చేతుల మీదుగా బహుమాన మిప్పింపవచ్చును. వృద్ధ క్రీడాకారుల యిండ్లకు ఏటికొకమారైనను పోయి, వారి యోగక్షేమములు విచారించి, వారు చెప్పు ముచ్చటలను తెలుగునను తమిళమునను వ్రాసి యుంచవచ్చును. తీరిక వేళల పిల్లలకు ఆట నేర్పుచు ప్రతిఫలము కోరని వ్యాయామోపాధ్యాయులను ఆటగాండ్ర సరసనే కూర్చుండబెట్టవచ్చును. అన్నిటికన్న ముఖ్యముగా, పిల్లలాడు బీటిని ఆక్రమణలకు లోనుగాకుండ కాపాడవలెను. బుచ్చిబాబు మొదట చేసిన పని అదియే: పిల్లలకు ఆడుకొన చోటు చూపుట. ఆ చోటు నిలిచియున్నంత కాలము ఆడినవారి పేర్లును నిలిచియుండును.