అడవినాభి

నాట్రంపల్లికి దగ్గరలోనే ఏలగిరి కొండ ఉంది. దాని ఎత్తు సుమారు 1,100 మీటర్లు. పూర్వం వేలూరు జిల్లాలో ఉండిన ఈ ప్రాంతం 2019లో తిరుపత్తూరు జిల్లాలో చేరింది. వానలు కురిసిన తరువాత ఇటువంటి కొండవాలులలో, గట్లమీది పొదలలో నిప్పుమంట వలె మెరిసే పువ్వును మీలో కొందరు చూసే ఉంటారు. దానినే తెలుగులో అడవినాభి అంటారు. అగ్నిశిఖ అని కూడ పేరు. మీ తమిళ స్నేహితులు సెంగాందళ్ అంటారు. కార్తికంలో పూస్తుంది గనుక కార్తికైప్పూ అనీ అంటారు. తమిళనాడు రాష్ట్రపుష్పం ఇదే.

పువ్వు తల వంచుకొని ఉంటుంది. దాని ఆరు రేకులు మాత్రం వెనుకకు మడిచినట్లు పైకి లేస్తాయి. రేకుల అంచులు అలలు అలలుగా ఉంటాయి. మొదట పచ్చగా ఉన్న రేకులు మొదట్లో పసుపు, చివర ఎరుపు అవుతాయి. వాడేనాటికి పూర్తిగా ఎరుపెక్కుతాయి. అందువల్ల ఒకే తీగమీద రెండు మూడు రంగుల పువ్వులు కనబడితే వేరువేరు జాతులని భ్రమపడకూడదు. ఆరు కేసరాలు చక్రపు ఆకుల వలె చుట్టూ చాచుకొని ఉంటాయి. కీలం ఒక పక్కకు వంగి ఉంటుంది.

పువ్వు లేనప్పుడు ఎట్లా? నా ఉద్దేశంలో పువ్వుకంటె ఆకే నమ్మదగిన గుర్తు. కాకరతీగను చూడండి: నులితీగ ఆకు పక్కనుండి పుడుతుంది. అడవినాభికి అట్లా కాదు. సన్నగా పొడుగుగా ఉండే ఆకు కొనయే సాగి, నులితీగగా చుట్టుకొంటుంది. ఆ కొనతోనే తీగ పక్కనున్న కొమ్మను పట్టుకొని పైకి పాకుతుంది. చిలగడదుంప తీగకు గాని, అడవిలో దొరికే తినే దుంపల తీగలకు గాని ఇటువంటి ఆకుకొన ఉండదు.

కాయ పొడుగుగా, మూడు గదులతో ఉంటుంది. పండి ఎండినప్పుడు పగిలి, లోపలి నారింజ ఎరుపు గింజలు బయటపడతాయి. చూడ ముచ్చటగా ఉంటాయి, కాని నోట పెట్టరాదు.

ఈ మొక్కలో ప్రతి భాగమూ విషమే. దుంప, గింజలు మరీ ప్రమాదం. పేరులోనే ఆ హెచ్చరిక ఉంది: తెలుగులో నాభి అంటే విషం. దీని దుంపను తినే దుంప అనుకొని తిని ప్రాణాలు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. తిన్న కొన్ని గంటలకు వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. పొరపాటున ఎవరైనా తింటే, వాంతుల కోసం ఎదురుచూడక వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. తిన్న ముక్క మిగిలి ఉంటే దానినీ వెంట తీసుకొనిపోతే వైద్యునికి ఉపయోగం.

విచిత్రమేమంటే ఆ విషమే మందు కూడ. ఇందులోని కొల్చిసిన్ అనే పదార్థాన్ని వైద్యులు కొలత ప్రకారం ఒక రకం కీళ్లజబ్బుకు ఇస్తారు. అందుకే దిండుగల్, కరూరు, తిరుప్పూరు జిల్లాల రైతులు పందిళ్లు వేసి, గింజల కోసం దీనిని సాగు చేస్తున్నారు.

దుంప నాగలి వలె వంగి ఉంటుంది. సంస్కృతంలో లాంగలి అనీ, తమిళంలో కలప్పైక్కిళంగు అనీ పేర్లు వచ్చినది అందుకే. రెండింటిలోనూ నాగలే ఉంది. ఎండాకాలంలో తీగ ఎండి రాలిపోతుంది. అప్పుడు పువ్వూ ఆకూ కాయా ఏమీ ఉండవు. మట్టిలో దుంప ఒక్కటే మిగులుతుంది. తవ్వినవానికి ఆ నాగలి వంపు తప్ప వేరే గుర్తు దొరకదు. మళ్ళీ వానలు పడగానే అక్కడినుండే కొత్త మొలక వస్తుంది.