చిన్న ఆటకూ సమీక్ష రాద్దాం

కొత్త సినిమా చూసి వస్తే మన హాస్టల్లో లైట్లు ఆర్పాక కూడా చర్చ ఆగదు. ఇంటర్వెల్ తర్వాత కథ ఎందుకు సాగిందో ఆరో తరగతి తమ్ముడు కూడా చెప్పగలడు. అదే వీడియో గేమ్ గురించి అడిగితే "బాగుంది", "బోరు" అన్న రెండు మాటలతో సరిపెడతాం. ఖరీదైన కంప్యూటరు ఉన్నవాళ్లకే ఆటల గురించి రాసే అర్హత ఉందనే జంకు మనలో చాలామందికి ఉంది. ఆ జంకు అక్కరలేదు. పాత ఆటలు, ఎవరికీ పేరు తెలియని ఆటలు, నలుగురైదుగురు కలిసి చేసిన ఆటలు సమీక్ష నేర్చుకోవడానికి మంచి బడి అని మా నమ్మకం.

పేరు చెరిగిన ఆటలు

1990లలోనూ, ఆ తర్వాత కొన్నేళ్లపాటూ మన తాండూరు వంటి పట్టణాల పిల్లలకు తెలిసిన "టీవీ గేమ్" చాలావరకు జపాన్‌లో నింటెండో కంపెనీ 1983లో తెచ్చిన ఫ్యామిలీ కంప్యూటర్‌కు నకలు. క్యాసెట్ మీద "9999999 ఇన్ 1" అని ఉండేది. లోపల ఉండేవి కొన్ని ఆటలే. అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. నకలు చేసినవాళ్లు చాలా ఆటల్లో అసలు కంపెనీ పేరును కూడా చెరిపేశారు. అందుకే "ట్యాంకుల ఆట" మనవాళ్లందరికీ తెలుసు గానీ, అది నామ్‌కో సంస్థ 1985లో చేసిన "బ్యాటిల్ సిటీ" అని తెలిసినవాళ్లు తక్కువ.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన ఆటల్లో 87 శాతం అంగట్లో దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అసలు ఆటల గతే అలా ఉంటే, నకలుగా మన చేతికొచ్చిన ఆటల జ్ఞాపకాన్ని మనం కాక ఎవరు దాస్తారు?

నాలుగు ప్రశ్నలు

ఒకటి: ఆట తన నియమాలను ఎలా నేర్పుతోంది? 1985 నాటి "సూపర్ మారియో బ్రదర్స్" ఆటలో పాఠం చెప్పేవాళ్లు ఉండరు. మారియో ఎడమ పక్కన నిలబడి ఉంటాడు, కుడివైపు ఖాళీగా ఉంటుంది. ఎటు నడవాలో తెలిసిపోతుంది. నాలుగడుగులు వేయగానే శత్రువు ఎదురొస్తాడు, గెంతడం నేర్చుకుంటాం. ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. చోటు చాలక మబ్బుకూ పొదకూ ఒకే బొమ్మ వాడి రంగు మార్చారు. "బొమ్మలు బాగోలేవు" అని రాసేముందు ఎంత చోటులో ఆ పని చేశారో చూడాలి.

రెండు: ఓడితే కారణం తెలుస్తోందా? "డేంజరస్ డేవ్" ఆటను జాన్ రొమేరో 1988లో ఆపిల్ కంప్యూటర్ కోసం రాశాడు. తర్వాత వచ్చిన డాస్ రూపాన్ని మన దేశంలో ఎందరో స్కూలు కంప్యూటర్లలో ఆడారు. పది దశల ఆట. కప్పు అందుకుంటేనే తలుపు తెరుచుకుంటుంది, నిప్పులో పడితే ప్రాణం పోతుంది. ఏ గెంతు తప్పిందో మనకే తెలుస్తుంది కనుక మళ్లీ ఆడాలనిపిస్తుంది. కారణం తెలియకుండా ఓడించే ఆటను "కష్టమైన ఆట" అని మెచ్చుకోకూడదు, అది అన్యాయమైన ఆట.

మూడు: పక్కవాడికి చోటుందా? ఒక్క ఫోను చుట్టూ పదిమంది మూగే మనకు ఈ ప్రశ్న చాలా ముఖ్యం.

నాలుగు: మన దగ్గర ఏం తీసుకుంటోంది? డబ్బు పందెంగా పెట్టే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, పార్లమెంటు 2025లో చట్టం చేసి నిషేధించాయి. వాటి జోలికే పోవద్దు. మామూలు ఆటల్లోనూ "డబ్బు కట్టు, లేదా రేపటిదాకా ఆగు" అనేవి ఉన్నాయి. ఆ సంగతి సమీక్షలో రాస్తే ఒక తమ్ముడి జేబు మిగులుతుంది.

ఈ ప్రశ్నలు అడగడానికి కరెంటు కూడా అక్కరలేదు. మన నాపరాయి బండ మీద సుద్దముక్కతో గీసుకునే పులి-మేకనే తీసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. మేక పులిని చంపలేదు. కానీ మేకలన్నీ కలిస్తే పులిని కదలనివ్వవు. బలం సమానం కాకున్నా పోటీ సమానంగా ఎలా నిలిచిందో నాలుగు వాక్యాల్లో చెప్పగలిగితే మీకు సమీక్ష వచ్చినట్టే.

ఒక నమూనా

"బ్యాటిల్ సిటీ, నామ్‌కో, 1985. మన స్థావరాన్ని కాపాడుకుంటూ ఒక్కో దశలో 20 శత్రు ట్యాంకులను కూల్చాలి. ఇద్దరు కలిసి ఆడొచ్చు. మన గుండు తోటివాడికి తగిలితే వాడు కాసేపు కదల్లేడు. మన గుండే స్థావరానికి తగిలినా ఆట ముగిసినట్టే. కాబట్టి తొందరపాటు పనికిరాదు, మాట్లాడుకుంటూ ఆడాలి. సొంతంగా పటం కట్టుకోవచ్చు గానీ కరెంటు పోతే అదీ పోతుంది. 35 దశల తర్వాత కొత్తదనం లేదు, మళ్లీ మొదటికే వస్తుంది. ఇద్దరు స్నేహితులకు తగిన ఆట."

ఇందులో పొగడ్త ఉంది, లోపం ఉంది, ఎవరికి నచ్చుతుందో ఉంది. ఇంతకుమించి అక్కరలేదు.

మన దగ్గరి ఆటలు

పెద్ద కంపెనీల అండ లేకుండా చిన్న బృందాలు చేసే ఆటలను ఇండీ గేములు అంటారు. హైదరాబాద్‌లోని ఓగ్రే హెడ్ స్టూడియో 2017లో "అసుర" అనే ఆటను విడుదల చేసింది. పుణేలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో "రాజీ" తెచ్చింది. రెండూ మన పురాణాల నుంచి ప్రేరణ పొందినవే. ఇలాంటివాళ్లకు పెద్ద కంపెనీల్లా ప్రకటనలకు ఖర్చుపెట్టే స్తోమత ఉండదు. ఆడినవాడు నిజాయితీగా రాసే నాలుగు మాటలే వాళ్లకు అండ. అలాగని మనవాళ్లదే కదా అని లోపాలు దాచవద్దు. లోపం చెబితేనే తర్వాతి ఆట బాగుపడుతుంది.

తమ్ముళ్లారా, నెలకొక ఆటను ఎంచుకుని గోడపత్రికలో సమీక్ష రాయండి. ఆట పేరు, చేసినవారి పేరు, సంవత్సరం తప్పక వేయండి. పూర్వ విద్యార్థులు తాము ఆడిన క్యాసెట్ ఆటల వివరాలు రాసి పంపితే, చెరిగిపోయిన పేర్లు కొన్నైనా మన తెలుగులో మిగులుతాయి. ఆట ఎలా కట్టారో గమనించి రాయగలిగినవాడు రేపు సొంతంగా ఒక ఆట కట్టగలడు.