సంఘపు ల్యాప్‌టాపులో హార్డ్‌డిస్కు కానరానప్పుడు

ధాన్యపు కొనుగోలు దినములలో కార్యదర్శి ఉదయమున కార్యాలయము తెరచి ల్యాప్‌టాపు మీట నొక్కగా, నల్లని తెరపై డిస్కు దొరకలేదని ఒక ఆంగ్లవాక్యము కన్పట్టును. వెలుపల రైతులు టోకెన్లకై నిలిచియుందురు. అప్పుల ఖాతాలు బ్యాంకువారి సర్వరునందున్న చోట వానికి భయము లేదు. కాని సభ్యుల పాసుపుస్తకముల ప్రతులు, 2006వ సంవత్సరపు అటవీహక్కుల చట్టము క్రింద వచ్చిన పోడు పట్టాల ప్రతులు, ఎరువుల నిలువ జాబితాలు తరచుగా ఆ యొక్క యంత్రమునందే యుండును. ఆ కంగారులో ఎవరో చెప్పిన మాట విని ‘ఫార్మాట్’ అను మీట నొక్కుటయే మనవారు చేయు పెద్ద పొరపాటు. డిస్కు కానరాకుండుట వేఱు, లెక్కలు నశించుట వేఱు. బీరువా తాళము పడనంత మాత్రమున లోని కాగితములు కాలిపోయినవని తలంతుమా?

యంత్రమున లెక్క చేయు భాగము వేఱు, లెక్క దాచు భాగము వేఱు. దాచునదియే హార్డ్‌డిస్కు. 1956లో ఐ.బి.యం. కంపెనీ వెలువరించిన మొదటి డిస్కు యంత్రమున 24 అంగుళముల పళ్లెములు 50 ఉండెను. అది పట్టినది 50 లక్షల అక్షరములే. నేటి ల్యాప్‌టాపు డిస్కు అరచేతిలో ఇమిడిపోవును. క్రొత్త యంత్రములలో తిరుగు పళ్లెములే లేని యస్.యస్.డి. యుండును.

మొదట చూడవలసినది బయోస్ తెర. యంత్రమును వెలిగించిన తక్షణమే ఎఫ్2 మీటను, కొన్ని కంపెనీలవానిలో ఎఫ్10 లేక డిలీట్ మీటను, పలుమార్లు నొక్కినచో అది తెరచుకొనును. అందు డిస్కు పేరున్నదా లేదా యనుటపై తక్కిన పనియంతయు ఆధారపడియున్నది.

పేరున్నచో డిస్కు యంత్రమునకు తెలియుచునే యున్నది. పెన్‌డ్రైవు ఏదైన తగిలించి మరచితిరేమో చూడుడు. నవ్వులాటగా తోచినను పలుచోట్ల దోషమంతయు ఇదియే. తేదీ ఏండ్ల వెనుకకు పోయినచో లోపలి చిన్న బిళ్ల బ్యాటరీ అయిపోయినదని గ్రహింపవలెను. దానితో పాటు అమరికలును చెదరును. ఇవి యేవియు కానిచో విండోస్ చెడియుండవచ్చును. దానిని మరల ఎక్కించుటకు ముందు డిస్కులోని పత్రములను వేఱొక చోటికి ఎత్తింపుడు.

పేరు లేనిచో యంత్రమును పూర్తిగా ఆపి, ఛార్జరు తీసి, ఊడదీయదగిన బ్యాటరీ యైనచో దానిని కూడ తీసి, వెలిగించు మీటను 20 సెకండ్లు అదిమి పట్టి విడిచి మరల చూడుడు. అప్పటికిని కానరానిచో అడుగు మూత విప్పవలసినదే. చర్ల, దుమ్ముగూడెము అడవిబాటలలో జీపుపై కుదుపులు తిన్న యంత్రమునందు డిస్కు తన గూటినుండి వెండ్రుకవాసి జరుగుట సంభవమే. వానకాలపు చెమ్మకు లోహపు పండ్లు మసకబారును. బ్యాటరీ తీగ విడదీసి, ఏదైన లోహమును ముట్టి, డిస్కును మెల్లగా లాగి మరల సరిగా కూర్చవలెను. ఉప్పుకాగితముతో గీయరాదు. కొన్నిటిలో డిస్కునకు రిబ్బను వంటి పలుచని తీగ యుండును. అదియే తెగుట కలదు.

దోషము తీగదో డిస్కుదో తేల్చుటకు సులభోపాయ మున్నది. డిస్కును దాని జాతికి సరిపడు యు.యస్.బి. పెట్టెలో నుంచి వేఱొక కంప్యూటరునకు తగిలింపుడు. అచ్చట కన్పట్టినచో లెక్కలు దక్కినట్లే. ముందు నకలు తీసికొనుడు, మరమ్మతు పిదప. అచ్చట ‘ఇనిషియలైజ్’ చేయుమని అడిగినచో ఒప్పుకొనకుడు.

డిస్కునుండి టక్కుటక్కు మని చప్పుడు వచ్చినచో తక్షణమే ఆపవలెను. చదువు సూదికిని పళ్లెమునకును నడుమ ఎడము పొగరేణువుకంటె తక్కువ. వెలిగించిన కొలది గీతలు పెరుగును. మూత విప్పి చూచెదమను సాహసము అసలే కూడదు. 2022 జూలైలో భద్రాచలము కడ గోదావరి 71.3 అడుగులకు వచ్చినది. అట్టి వరదలో తడిసిన యంత్రమును వెలిగింపరాదు, బియ్యములో పాతిపెట్టినను లాభము లేదు. ఇట్టివి డేటా రికవరీ పనివారికే అప్పగింపవలెను. వారంటీ క్రింద కంపెనీవారు క్రొత్త డిస్కు నిత్తురేగాని పాతదానిలోని లెక్కల నీయరు; పైగా పాతదానిని తీసికొనిపోవుట వాడుక. ఇచ్చుటకు ముందు పాలకవర్గమున మాటాడి నిర్ణయింపుడు.

ఒక్క సంగతి యంత్రము బాగుగ నున్నప్పుడే చేయదగినది. బిట్‌లాకర్ అను తాళమున్న యంత్రములలో బయోస్ అమరికలు మార్చినచో 48 అంకెల తాళపుసంఖ్య నడుగవచ్చును. డిస్కును వేఱొక కంప్యూటరునకు తగిలించినను అదియే యడుగును. ఆ సంఖ్యను కాగితముపై వ్రాసి, వారమున కొకసారి నకలు తీయు వెలుపలి డిస్కుతో గూడ, వరద యెక్కని యింట వేఱుగా దాచియుంచుడు.