మీకు తెలుసా? హైటెక్ సిటీ జర్నళ్లపై అమెరికా కోర్టు తీర్పు

పరిశోధన జర్నళ్ల పేరుతో మోసం చేశారంటూ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కోర్టుకెక్కింది ఒక హైదరాబాద్ కంపెనీ మీదే. హైటెక్ సిటీ నుంచి వందల జర్నళ్లు నడిపిన ఒమిక్స్ గ్రూప్ అది. 5.01 కోట్ల డాలర్లు, అంటే దాదాపు 350 కోట్ల రూపాయలు కట్టాలని 2019 మార్చిలో నెవాడా ఫెడరల్ కోర్టు తీర్పిచ్చింది. 2020లో అప్పీలు కోర్టూ దాన్నే ఖాయం చేసింది.

కంపెనీ ఆరోపణలను ఖండించింది. పాఠకుడికి ఉచితంగా ఇచ్చి రచయిత దగ్గర రుసుము తీసుకునే ఓపెన్ యాక్సెస్ అంటే పెద్ద ప్రచురణకర్తలకు గిట్టదని కంపెనీని వెనకేసుకొచ్చేవారి మాట. రుసుము అడగడమే తప్పు కాదన్నంత వరకు నిజమే. ఎల్సెవియర్ లాంటి పెద్ద ప్రచురణ సంస్థలూ ఒక్కో వ్యాసానికి వేల డాలర్లు అడుగుతాయి. కానీ ఇక్కడ తగువు రుసుము ఎంతన్నది కాదు, ఎప్పుడు చెప్పారన్నది. వ్యాసం ఆమోదించాక బిల్లు వచ్చేది. వెనక్కి తీసుకుంటామంటే చాలాసార్లు కుదరదనేవారు. ఒకే వ్యాసాన్ని రెండుచోట్ల ఇవ్వకూడదు కనుక రచయిత ఇరుక్కుపోయినట్టే. నిపుణులు చదివి లోపాలు పట్టే పీర్ రివ్యూ జరిగిన ఆనవాళ్లు 69,000 వ్యాసాల్లో సగానికే దొరికాయి. ఒప్పుకోని శాస్త్రవేత్తల పేర్లు కూడా సదస్సుల ప్రకటనల్లో కనిపించాయి.

అమ్మినవారినే తప్పుపడితే సరిపోదు. 2010లో యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) అధ్యాపకుల పదోన్నతికి వ్యాసాలను పాయింట్ల లెక్కన చూడటం మొదలుపెట్టింది. అసలు గిరాకీ అక్కడే పెరిగింది.